చిన్నమ్మ రింగు ఆట

మా చిన్నమ్మ "ప్రభువునందు నిద్రించారు" అని, ఆమె పోయిన కబురు చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు పెట్టింది కమిటీ పెద్దమనిషే. కింద ఫొటో కూడా పెట్టాడు. చీర కొంగు నడుముకు దోపి, చేయి పైకెత్తి, రబ్బరు రింగు అందుకుంటున్న చిన్నమ్మ. ఆ ఆట మాన్పించినవాడికి ఆ ఫొటో పెట్టడానికి చేతులెలా వచ్చాయో తెలియదు. సిగ్గున్నవాళ్లకే ఇలాంటి సందేహాలు వస్తాయేమో.

చిన్నమ్మ కాజీపేట రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. బాబాయి పోయాక బీపీ పట్టుకుంది. బిళ్లలు రాసిచ్చిన డాక్టరమ్మ, ఇంట్లో కూర్చోకుండా నచ్చిన ఆట ఏదైనా ఆడమంది. చిన్నమ్మకు వచ్చిన ఆట ఒక్కటే, చిన్నప్పుడు హాస్టల్లో నేర్చుకున్న రింగు. చర్చి ఆవరణలో రెండు ఇనుప స్తంభాలు పాతించి, మధ్యలో వల కట్టించి, తన ఈడు ఆడవాళ్లను పొద్దున్నే పోగేసింది. అవతలివాళ్లు విసిరిన రింగును కింద పడకుండా ఒంటిచేత్తో పట్టి తిరిగి విసరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రింగు ఒకసారి కింద పడ్డా పరవాలేదని తనే రూలు మార్చింది. గాలికి రింగు పక్కకు పోయిందని ఎవరైనా అంటే, ఆడలేక మద్దెల ఓడన్నదట అని నవ్వేది.

బిళ్ల మాత్రం ఒక్కరోజూ మానలేదు. "బిళ్ల బిళ్లదే, ఆట ఆటదే. రెండు కాళ్ల మీద నడుస్తం గదా," అనేది. కొన్ని నెలలకు బీపీ దిగింది, డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. నేను వెళ్లినప్పుడు నన్నూ కోర్టులోకి లాగేది. "ఇసిరెటోళ్ల మొఖం సూడకు బిడ్డా, రింగును సూడు," అని నేర్పింది. ఆ మాట ఆటలో కన్నా బతుకులోనే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మన పెద్దమనుషులకు ఇదంతా కంటగింపైంది. అరవై దాటిన ఆడది మోకాళ్లూని ప్రార్థన చేస్తే భక్తి, అవే మోకాళ్లతో ఎగిరితే సంఘానికి అప్రతిష్ఠ. పైగా ఆ వల కార్లు నిలపడానికి అడ్డం. ఆ మాట బయటికి అనే ధైర్యం కూడా ఒక్కడికీ లేకపోయింది.

ఒక ఆదివారం ఆరాధనకు ముందు చర్చిలో ఉచిత బీపీ పరీక్షలు పెట్టారు. బల్ల కోర్టు పక్కనే వేశారు. ఆట మధ్యలో కమిటీ పెద్దమనిషి చిన్నమ్మను పిలిచి, ఆయాసం తీరకముందే కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టించాడు. అంకె ఎక్కువ వచ్చింది. రాక ఏం చేస్తుంది? అప్పటిదాకా ఎగిరిన మనిషి ఆమె. కాసేపాగి మళ్లీ చూడమని అడిగింది. వెనక లైనుందని లేపేశారు. ఆ రోజే ప్రకటనల్లో, పెద్దవయసు సహోదరీల క్షేమం కోరి ఆట నిలిపివేశామని ఆయన వాక్యం చదివినంత గంభీరంగా చదివాడు. మర్నాటికి వల లేదు. మళ్లీ ఆదివారానికి అక్కడ ఆయన కారుంది.

చిన్నమ్మ పోట్లాడలేదు. నాకు ఆమె మీద ఉన్న ఒకే ఒక కోపం అదే. కొడుకు కూడా ఈ వయసులో ఎందుకమ్మా అనేసరికి టీవీ ముందు కూర్చుండిపోయింది. నేను వెళ్తే రింగు ఒళ్లో పెట్టుకుని తిప్పుతూ కనిపించేది.

"నాకు బీపీ ఫికర్ లేదు బిడ్డా. పొద్దుగాల లేస్తే ఎటు పోవాల్నో తెలుస్తలేదు," అంది ఒకసారి.

బీపీ మళ్లీ పెరిగింది. బిళ్లలూ పెరిగాయి. చివరికి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పోయింది. ఆట మాన్పించినందుకే పోయిందని నేను అనను. నేను డాక్టరును కాను. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పే తెలివి వాళ్లకే ఉండనిస్తాను.

చిన్నమ్మ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక అదే చర్చి ఆవరణలో పెట్టారు. వల ఊడదీసిన ఆ స్తంభాలకే షామియానా తాళ్లు కట్టారు. పెద్దమనిషి మైకు అందుకుని, మన సహోదరి గొప్ప క్రీడాకారిణి, యువతకు ఆదర్శం అన్నాడు. అబద్ధం ఆడేవాడికి కనీసం గొంతు తడబడాలి. ఆయనకు అదీ లేదు.

భోజనాలయ్యాక, రోజూ చిన్నమ్మకు ఎదురుగా ఆడిన పక్కింటి పెద్దమ్మ సంచిలోంచి రింగు తీసింది. తన పాత చోట నిలబడి అవతలికి విసిరింది. పట్టేవాళ్లు లేరు. రింగు కిందపడి, దొర్లి, షామియానా పక్కనే నిలిపిన పెద్దమనిషి కారు కిందికి పోయింది. అందరూ చూశారు, ఎవరూ కదల్లేదు. చివరికి ఆయనే తెల్ల ప్యాంటుతో మోకాళ్లూని, కారు కిందికి చేయి చాపి, రింగు లాగి, రొప్పుతూ లేచాడు.

"ఆడ్నే నిలబడన్నా," అంది పెద్దమ్మ నెమ్మదిగా. "దమ్ము తీరకముందే నీ బీపీ సూపిద్దాం. ఎక్కువొస్తే కారు నడుపుడు బంద్ జేద్దాం."

రింగు చేతిలో పట్టుకుని ఆయన చిన్నమ్మ రోజూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ ఇటువైపు చేయి చాపి ఎదురుచూస్తోంది. రింగు ఎలా విసరాలో ఆయనకు తెలియలేదు.