సమ్మెట బిగించిన బోల్టు

మా మామయ్యను అందరూ సమ్మెట అంటారు. ఆయన పట్టే పనిముట్టు వల్ల వచ్చిన పేరు కాదది. కార్లకు సొట్టలు తీసేవాడికి సమ్మెటతో పనేముంది? చిన్న సుత్తి, రేకు వెనక ఆనించడానికి ఒక ఇనప దిమ్మ ఉంటే చాలు. ఆయన చెయ్యి ఎవరి దవడ మీద పడినా సమ్మెట పడ్డట్టే ఉంటుందని ఆ పేరు పెట్టారు. పెట్టినవాడికి ముందు పళ్ళు లేవు.

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో, ఆయన కోపంతో విసిరిన గిన్నె నా చెవి పక్కనుంచి దూసుకెళ్ళి గోడకు తగిలింది. నేను ఆ గిన్నె తీసి ఆయన మీదికే విసిరాను. గురి బాగా కుదిరింది. నుదుటి మీద బొప్పి తడుముకుంటూ, ఈ పిల్ల మనింటికి సరిపోతుందిరా అని కొడుకుతో అన్నాడట. అప్పటినుంచి నా జోలికి రాలేదు. షెడ్డులో తండ్రి సొట్టలు తీసేవాడు, మా ఆయన వెల్డింగు చేసేవాడు, నేను రంగు కొట్టేదాన్ని. ముగ్గురికీ కోపం ముక్కు మీదే ఉండేది. ఒకరిది చల్లారేసరికి ఇంకొకరిది రాజుకునేది.

అయినా ఆయనకు ఇంత కోపం పుట్టుకతో రాలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక జెట్ పడవ దగ్గర పనిచేశాడు. నీటి మీద అందరికంటే వేగంగా వెళ్ళి రికార్డు కొట్టాలని కట్టిన పడవ అది. అల్యూమినియం ఒళ్ళు, లోపల విమానం ఇంజను, ముందు రెండు పక్కలా రెండు పాదాలు, వెనక పొడుగాటి తోక. వేగం అందుకున్నాక ఆ పాదాలూ తోక చివరా తప్ప ఇంకేదీ నీళ్ళను తాకేది కాదు. రేకుపనీ, ఇంజను బోల్టులు బిగించే పనీ మామయ్యవే. చివరి పరుగులో పడవ ముక్కు పైకి లేచింది. గాల్లో పల్టీ కొట్టి నీళ్ళ మీద పడి ముక్కలైంది. నడిపినవాడు అక్కడికక్కడే చనిపోయాడు. ఏరి తెచ్చిన ముక్కల్లో, ఇంజను కదలకుండా పట్టి ఉంచే పట్టీ బోల్టు ఒకటి కనబడలేదు. మామయ్య ఆ బోల్టు బిగించలేదన్న మాట అలా పుట్టింది. చనిపోయినవాడి తమ్ముడు మనుషుల్ని వెంటేసుకొచ్చి మామయ్యను నడివీధిలో కిందపడేసి కొట్టాడు. ఆ దెబ్బలకు ఒక చెవి పూర్తిగా వినబడకుండా పోయింది. విరిగిన వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి.

ఆ తమ్ముడే మా వీధి చివర టైర్ల షాపాయన. వాళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. జుట్టు నెరిశాక కూడా ఎదురుపడితే చాలు, చొక్కాలు చిరగాల్సిందే. ఒకసారి ఆయన టైరు ఊడదీసే కడ్డీతో మామయ్య భుజం పగలగొట్టాడు. మామయ్య ఆయన తలను పంక్చరు చూసే నీళ్ళతొట్టిలో ముంచి అదిమిపట్టాడు. జనం లాక్కెళ్ళకపోతే ఆ రోజు ఒక ప్రాణం పోయేది. మామయ్య ఎక్కడా తగ్గేవాడు కాదు. ఆ బోల్టు తను బిగించిన సంగతి ఆయనకు తెలుసు. చెయ్యని తప్పుకు తన్నులు తిన్న మనిషికి ఉండే పొగరు ఆయనది. నిజం చెప్పొద్దూ, ఆయన అన్నం తిని బతికినదానికంటే ఆ పొగరు మీద బతికిందే ఎక్కువ.

తండ్రి మీద పడ్డ ఆ మచ్చ తుడిచెయ్యాలని మా ఆయన చిన్నప్పటినుంచీ అనుకునేవాడు. దానికి ఆయన ఎంచుకున్న దారి చూసి, ఈ వంశానికే పిచ్చి ఉందని నాకు రూఢి అయింది. ఆ పడవకు నమూనా కడతాడట. అచ్చంగా అదే కొలతల్లో, మంచమంత పొడుగుకు కుదించి, రిమోటుతో నడిపేలా. లోపల కిరసనాయిలుతో తిరిగే బొమ్మ విమానాల జెట్ ఇంజను. ముందు బోల్టులన్నీ బిగించి పరుగెత్తిస్తాడు. తరవాత ఆ ఒక్క బోల్టు తీసేసి మళ్ళీ పరుగెత్తిస్తాడు. బోల్టు లేకుండా కూడా పడవ తిన్నగా పోతే ఆ చావుకు కారణం బోల్టు కాదని తేలిపోతుంది.

ఈ మాట టైర్ల షాపాయన మొహం మీదే చెప్పి వచ్చాడు. చెప్పి ఊరికే వస్తే మా ఆయన ఎలా అవుతాడు? పెదవి పగలగొట్టించుకుని వచ్చాడు, ఆయన ముక్కు చితక్కొట్టి వచ్చాడు. కానీ మాట మాత్రం తెచ్చాడు. బోల్టు లేకుండా ఆ పడవ తిన్నగా పోతే, టైర్ల షాపాయన అందరి ముందూ సమ్మెటకు దణ్ణం పెట్టి క్షమాపణ అడుగుతాడు.

షెడ్డు వెనక గదిలో, మామయ్యకు తెలియకుండా పని మొదలైంది. రేకు కత్తిరించి, చెక్క అచ్చు మీద వంచి, అంచులు అతికించాడు. ఇంజను వచ్చాక, మామయ్య ఊళ్ళో లేని రోజు చూసి దాన్ని బల్లకు బిగించి అంటించాడు. అది కీచుమంటూ అరిచి వెనకనుంచి కక్కిన మంటకు నా రంగు డబ్బాలు గోడకు కొట్టుకున్నాయి, కర్టెను కాలిపోయింది, మా ఆయన కనుబొమలు మాయమయ్యాయి. మంచిదే, ఇక కోపమొస్తే ముడివెయ్యడానికి కనుబొమలు లేవన్నాను. ఒళ్ళు పూర్తయ్యాక దూలానికి తాడు కట్టి పడవను వేలాడదీశాడు. అది ముందుకూ వెనక్కూ వాలకుండా నిలబడేదాకా లోపలి బరువులు జరిపాడు. ఎక్కడ తాడు కడితే సమంగా నిలిచిందో అక్కడ గీత గీశాడు. తోకలో పిసరంత బరువు పెరిగినా ముక్కు గాల్లోకి లేస్తుంది, అందుకే ఇంత జాగ్రత్త అని నాకు చెప్పాడు. నేను నీలిరంగు కొట్టాను. రిజర్వాయరులో మేమిద్దరమే నడిపి చూశాం. నీళ్ళను రెండుగా చీలుస్తూ గీత గీసినట్టు పోయింది. దాన్ని చూసి నేను మురిసిపోయాను.

మురిపెం ఎంతోసేపు నిలవలేదు. రేకు కత్తెర వెతుక్కుంటూ మామయ్య వెనక గదిలోకి వెళ్ళాడు. తన బతుకును నాశనం చేసిన పడవ అదే రంగులో, అదే తోకతో బల్ల మీద కూర్చుని ఉంది. సుత్తి శబ్దం విని మేం పరుగెత్తేసరికి తోక వెనకభాగం లోపలికి కుంగిపోయింది. మా ఆయన తండ్రి మీద పడ్డాడు. తండ్రి కొడుకు గొంతు పట్టుకున్నాడు. బల్ల విరిగింది, ఇద్దరి నోళ్ళలోంచీ రక్తం. నేను కార్లు కడిగే గొట్టం తిప్పి ఇద్దరి మొహాల మీదా నీళ్ళు కొట్టాను. అప్పుడు మా ఆయన నేల మీద కూర్చుని, రొప్పుతూ, ఆ పడవ ఎవరికోసం కట్టాడో చెప్పాడు.

మామయ్య తడిబట్టలతోనే వెళ్ళి తన ఇనప దిమ్మ తెచ్చుకున్నాడు. తను చేసిన సొట్టను తనే తీయడానికి కూర్చున్నాడు. వంకర వేళ్ళతో ఆయన రేకు మీద సుత్తి ఆడిస్తుంటే చూడటం ఎంత బావుంటుందో ఏం చెప్పను! ఎంత కొట్టినా సొట్ట పూర్తిగా పైకి రాలేదు. మిగిలిన గుంతలో, ఆరితే రాయిలా గట్టిపడే పుట్టీ పట్టించాడు, ఆరాక ఎమరీ కాగితంతో రుద్దాడు, మళ్ళీ పట్టించాడు. మా వృత్తిలో అందరం చేసే పనే. కారుకు గుప్పెడు పుట్టీ ఎక్కువైతే ఏమవుతుంది? కంటికి కనబడకపోతే సొట్ట లేనట్టే.

రుద్దుతూ రుద్దుతూ, ఎప్పుడూ చెప్పని మాట చెప్పాడు. ఆ చివరి పరుగుకు ముందు కూడా, నీళ్ళలో తేలే మొద్దు తగిలి పడవ తోక కింద ఇలాగే సొట్టపడిందట. ఫొటోలు తీసేవాళ్ళు వస్తారని ఆయన దాన్ని తీసి, మిగిలిన గుంతను పుట్టీతో నింపాడట. నడిపేవాడు స్వయంగా చెయ్యి పెట్టి తడిమినా సొట్ట ఎక్కడో కనిపెట్టలేకపోయాడట. చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. నేను రంగు కొట్టాక మా ఆయన, ఒకసారి తాడుకు వేలాడదీసి చూస్తాను నాన్నా అన్నాడు. నా పని మీద నీకు నమ్మకం లేదా అంటూ మామయ్య చెయ్యెత్తాడు. పోట్లాడి పోట్లాడి అలిసిపోయి ఉన్నాం. మా ఆయన ఊరుకున్నాడు.

రిజర్వాయరు గట్టు మీద సగం వీధి చేరింది. టైర్ల షాపాయన వంకరగా అతుక్కున్న ముక్కుతో వచ్చి ఒక పక్కగా నిలబడ్డాడు. మొదటి పరుగుకు మామయ్యే బోల్టులన్నీ బిగించాడు. పడవ కీచుమంటూ బయల్దేరి, దూరంగా మలుపు తిరిగి, పూర్తి వేగంతో మావైపు వచ్చింది. గట్టు దగ్గర పడుతుండగా ముక్కు లేచింది. మా ఆయన రిమోటు మీద వేళ్ళు కదిపేలోపే అది గాల్లో పల్టీ కొట్టి, మంట కక్కుతూ గట్టు మీదికి వచ్చిపడింది. తోక రేకు మా ఆయన నుదుటినుంచి దవడదాకా చీల్చింది. చెంప తెరుచుకుని పళ్ళు కనబడ్డాయి. నేను చున్నీతో అదిమిపట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతూనే ఉంది.

టైర్ల షాపాయన నవ్వాడు. మళ్ళీ బోల్టు మరిచిపోయావా సమ్మెటా అన్నాడు. మామయ్య ఆయన వైపు చూడకుండా వెళ్ళి, కాలుతున్న పడవ మీద మట్టి పోసి ఆర్పి, పై రేకు పీకేశాడు. చేతులు బొబ్బలెక్కుతున్నా లెక్కచెయ్యలేదు. ఇంజను బోల్టులు ఒక్కొక్కటీ అందరికీ చూపించాడు. అన్నీ బిగిసే ఉన్నాయి. బోల్టులు బిగిసి ఉన్నా ఆ పడవ పల్టీ కొట్టింది. గట్టు మీద అందరికీ అర్థమైంది. టైర్ల షాపాయన దగ్గరికొచ్చి, వంగి, తన చేత్తో బోల్టును తిప్పబోయి తిప్పలేకపోయాడు.

"అయితే బోల్టు కాదన్నమాట," అన్నాడు. చేతులు రెండూ దణ్ణానికి దగ్గరవుతున్నాయి. మామయ్య జీవితమంతా ఎదురుచూసింది ఆ క్షణం కోసమే. నాకు గట్టిగా అరవాలనిపించింది.

మామయ్య మాత్రం ఆయన్ని చూడటం లేదు. విరిగిన తోకలోంచి పుట్టీ గడ్డ ఊడి ఆయన అరచేతిలో పడింది. దాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ బరువు చూశాడు.

"ఆగు. దణ్ణం పెట్టకు," అన్నాడు.

చెంప అదిమిపట్టుకుని మా ఆయన, గాలికి లేచింది నాన్నా, అలలున్నాయి అని ఏదో గొణిగాడు.

"గాలి కాదురా, తోక బరువు. నువ్వు వేలాడదీస్తానంటే కొట్టబోయాను. ఆ రోజు కూడా నన్నెవరైనా అడిగుంటే కొట్టేవాణ్ణి." టైర్ల షాపాయన వైపు తిరిగాడు. "బోల్టు బిగించిన మాట నిజం. మీ అన్న పడవ తోకలో ఇదే పెట్టాను. దీనికి పదింతలు పెట్టాను. మీరు ఆ రోజు కొట్టింది తప్పు మనిషిని కాదు."

గడ్డను ఆయన చేతిలో పెట్టాడు. టైర్ల షాపాయన కూడా దాని బరువు చూశాడు. తరవాత అదే చేత్తో మామయ్య దవడ మీద కొట్టాడు. మామయ్య బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు. మా ఆయన నన్ను తోసేసి, మొహమంతా రక్తంతో అటు దూకాడు. మామయ్య కొడుకు కాలు గట్టిగా పట్టుకున్నాడు.

"కొట్టనీరా," అన్నాడు.

రెండో దెబ్బ కూడా పడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, మొహం తిప్పుకోలేదు. దెబ్బ తిని ఊరుకున్న మామయ్యను నేను చూడటం అదే మొదలు. గిన్నె తీసి విసిరినదాన్ని, ఆ రోజు ఏమీ చెయ్యలేక గట్టు మీద నిలబడి ఏడ్చాను.