అవ్వ పెరట్లో నేను వద్దన్న వస

పెనుకొండ కోట దగ్గర పాతకాలపు మందుమొక్కల తోట పెంచుతున్నారట, ఏ మొక్కలు పెట్టాలో పాత ఇళ్లవాళ్లను అడిగి రాసుకుంటున్నామని పోయిన నెల ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా అవ్వ పెరట్లో ఉన్నవన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను గానీ, వస పేరు మాత్రం అన్నిటికన్నా చివర చెప్పాను.

అరవైల్లో సంగతి. నేను ధర్మవరంలో మగ్గాల ఇంటి కోడలిని. పెనుకొండలో అవ్వ ఉన్నది బాడుగ ఇల్లు. తాత పోయాక మా మేనమామ ఆమెను హిందూపురం తీసుకుపోతానన్నాడు. అక్కడ మామ ఇంటికి పెరడు లేదు, కావలసిన మొక్కలు వచ్చి తీసుకుపొమ్మని అవ్వ నాకు కబురు పెట్టింది. నా మొదటి బిడ్డ, మూడు నెలల ఆడపిల్ల, జ్వరంతో పోయి అప్పటికి నెలన్నర.

పొద్దుటి రైలుకు వెళ్లి మరువం, వాము ఆకు, సరస్వతి ఆకు, తిప్పతీగ ఒక్కొక్కటే ఎంచి గంపలో పెట్టుకున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నాకు మాత్రం ఏమీ అనిపించడం లేదు. బిడ్డ పోయిన రోజు నుంచీ అంతే, ఏడుపు కూడా రాలేదు. గిన్నెలు తోముకునే జాలాడి నీళ్లు పారే చోట వస గుబురుగా ఉండేది. ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా తల్లిపాలలో అరగదీసి నాలుకకు రాయడానికి దాని కొమ్ము కోసం మా అవ్వ దగ్గరికే వచ్చేవాళ్లు.

"వస గూడా పెట్టుకో పాపా, తడి ఉంటే యాడైనా బతుకుతాది" అంది అవ్వ.

"వద్దవ్వా, నాకెందుకది" అన్నాను.

"సరే, నా దగ్గరే ఉంటాదిలే" అని, తానే తవ్వి తడిగుడ్డలో చుట్టుకుంది.

హిందూపురంలో కొళాయి కింద ఓటి బకెట్లో దాన్ని బతికించిందట. రెండేళ్లకు నాకు కొడుకు పుడితే, ఎవరూ అడగకుండానే వస కొమ్ము తీసుకుని ధర్మవరం వచ్చింది, సాన మీద అరగదీసి నా ముందు పెట్టింది.

"నువ్వే రాయి పాపా. వీళ్లక్కకూ నువ్వే కదా రాసింది" అంది.

అన్నాళ్లకు ఆ పిల్ల మాట ఎత్తిన మనిషి అవ్వే. అప్పుడు ఏడ్చానని చెప్పాలని ఉంది గానీ ఏడవలేదు. బిడ్డ నాలుకకు రాసి, అవ్వ కొంగు పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు పసిబిడ్డ పోతే ఆ బిడ్డకు ఒక పేరుంటుంది, ఫోటో ఉంటుంది, తల్లి పక్కన నలుగురు కూర్చుని మాట్లాడతారు. మన రోజుల్లో వారం తిరక్కుండానే అత్తింటివాళ్లు నన్ను మగ్గానికి కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చోబెట్టి, మరిచిపోతేనే మంచిదన్నారు. వాళ్లను తప్పు పట్టను, వాళ్లకు తెలిసిన ఓదార్పు అదే. అవ్వా పోయింది, మా ఆయనా పోయాడు. ఆ మూడు నెలలూ నిజంగా జరిగాయని చెప్పడానికి ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు.