ఎడమవైపు క్లచ్

తెర మీద కొండ దారుల్లో కార్లు దూకించిన హీరోల్లో చాలామందికి, ఆ రోజుల్లో, గేరు మార్చడం రాదు. ఈ మాటంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఆ కార్లు నడిపింది నేను. అదీ దర్జాగా సీట్లో కూర్చుని కాదు, కింద నక్కి.

మద్రాసు నుంచి సినిమా వాళ్లు ఒక్కొక్కరే సామాను సర్దుకుని హైదరాబాదు వస్తున్న కాలం. వాళ్ల వెనకాలే నేనూ తెనాలి నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో రెండు గదుల వాటాలో దిగాను. నాకున్న ఆస్తల్లా ఒక ముసలి విదేశీ కారు. ఎన్ని చేతులు మారి నా దగ్గరికి వచ్చిందో దానికే తెలియాలి. ఇంజన్ దాని సొంతం కాదు, ఎవరో జపాన్ ఇంజన్ తెచ్చి ఎక్కించారు. కెమెరాకి అడ్డం రాకుండా టాపు నేనే కోయించేశాను. డ్రైవరు పక్క సీటు పీకించి, అక్కడ కిందకంటా ఒక చెక్క వేయించి, దాని ముందు ఇంకో క్లచ్, ఇంకో బ్రేకు పెట్టించాను. ఆర్టిస్టు స్టీరింగ్ పట్టుకుని ఠీవిగా కూర్చుంటే, నేను ఎడమవైపు ఆ చెక్క మీద ఒదిగి, కెమెరాకి కనపడకుండా పెడల్స్ తొక్కేవాణ్ని. డ్రైవింగ్ వచ్చిన ఆర్టిస్టయితే తన పెడల్స్ తనే తొక్కుకుంటాడు, నేను ఊరికే కాపలా. జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య, ఫిల్మ్ నగర్ వాలుల్లో నా కారు లేకుండా కారు సీను తీసిన యూనిట్ తక్కువ.

ఆ రెండో జత పెడల్స్ చేసిన మేస్త్రిది రహమత్ నగర్‌లో ఒక సందు చివర షెడ్డు. నాకంటే పదేళ్లు పెద్ద. కాగితం మీద గీత కూడా గియ్యకుండా, ఎర్రగడ్డ సంతలో ఏరుకొచ్చిన ఇనప కడ్డీలు వంచి, ఆ జత బిగించాడు. ఒకటి తొక్కితే రెండోదీ దానితో పాటే కిందకి దిగుతుంది, కుడివైపు తొక్కినా ఎడమవైపు తొక్కినా ఒకే మెత్తదనం. మద్రాసులో ఇదే పని చేయించుకున్నవాళ్లు వచ్చి, వంగి వంగి చూసిపోయేవాళ్లు.

అంత నిదానమైన మనిషిని నేను మళ్లీ చూడలేదు. బండి తీసుకెళ్తే ముందు ఏదీ ముట్టుకోడు. స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. నేను పక్కన నిలబడి, "అది కార్బురేటరండీ, నేను చెప్తున్నాగా" అని సొద పెడితే, చెయ్యెత్తి ఆగమనేవాడు. తీసేసిన సామాను పాత పేపరు మీద పెట్టి, అదెందుకు పోయిందో యజమానికి చెప్పకుండా కొత్తది బిగించేవాడు కాదు. "మీకు తెల్వాలె సారూ, బండి మీది" అనేవాడు. వినే ఓపిక నాకుంటేగా.

ఒక వేసవిలో కారు మొరాయించడం మొదలుపెట్టింది. షాట్‌కి రెడీ అనగానే ఇంజన్ గొంతు పట్టేసి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తనంతట తాను తిరగాలి కదా, ఆ ఐడ్లింగ్ నిలబడటం లేదు. సరే కదా అని నేను కార్బురేటర్ మీది స్క్రూ తిప్పి వేగం పెంచితే, కాసేపటికి గయ్యిమని అరిచేది. దానికి తోడు క్లచ్. ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ మోతే గానీ బండి ముందుకి పోదు, పైగా కాలిన కంపు. షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రి విప్పి, నల్లగా మాడిన క్లచ్ ప్లేటు పేపరు మీద పెట్టి, కొత్తది వేసి, ఐడ్లింగ్ తగ్గించి ఇచ్చాడు. యూసుఫ్‌గూడ దాకా నేనే నడుపుకుంటూ వచ్చాను, వెన్నలా ఉంది. మర్నాడు షూటింగులో మళ్లీ అదే దగ్గు.

నేను స్క్రూ పెంచడం, ఆయన తగ్గించడం. ఇలా రెండు నెలల్లో మూడు ప్లేట్లు మాడిపోయాయి. షెడ్డులో బాగుంటుంది, రోడ్డు మీద బాగుంటుంది, కెమెరా పెట్టేసరికి చచ్చిపోతుంది. "మీ బండికి కెమెరా అంటే బెరుకండీ" అని యూనిట్‌లో నవ్వుకునేవాళ్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎవరి మీద చూపించను? దొరికినవాడు మేస్త్రి. కృష్ణానగర్‌లో సినిమా వాళ్లంతా చేరే టీ కొట్టు దగ్గర నిలబడి, నలుగురూ వినేలా అన్నాను: "ఆ రహమత్ నగర్ ఆయనకి పనితనం పోయిందండీ. కళ్లు కనపడటం లేదు. బండి ఇస్తే ఇక అంతే సంగతులు." ఆ నలుగురిలో ఇద్దరు ప్రొడక్షన్ మేనేజర్లు. వాళ్ల కంపెనీ కార్లన్నీ ఆ షెడ్డుకే వెళ్లేవి. ఆ వారం నుంచి వెళ్లడం మానేశాయి. సంగతి నా చెవిన పడింది. మంచి పనే అయిందనుకున్నాను.

తర్వాత వచ్చిన సినిమాలో ఒక తల్లి పాత్ర. జబ్బుపడ్డ కొడుకుని కారులో పడేసుకుని, తనే నడుపుతూ కొండ వాలు దిగాలి. ఆ వేషం వేస్తున్నావిడ ఒకప్పుడు పెద్ద హీరోయిన్, అప్పటికి అమ్మ వేషాల్లోకి వచ్చేశారు. ఈ ఒక్క షాట్ కోసం నెల రోజులు డ్రైవింగ్ నేర్చుకున్నారట. తొలి రెండు రోజులూ మాకు ఒక్క షాట్ కూడా ఓకే కాలేదు. బండి ఆగిపోవడం, లేదా క్లచ్ జారడం. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని దిగిపోయేవారు. మూడో రోజు పొద్దున మేనేజరు నా దగ్గరికి వచ్చి, "ఇవాళ కాకపోతే వేరే కారు, డూపు పెట్టి లాగించేస్తాం గురూగారూ, ఏమనుకోకండి" అన్నాడు.

అదే సమయానికి, ఫిల్మ్ నగర్ గుట్ట ఎక్కి ఎండలో నడుచుకుంటూ మేస్త్రి వచ్చాడు. నేను పిలవలేదు. నా మీద గొడవకొచ్చాడనుకుని నేనే ముందు గొంతు పెంచాను.

"ఇంకేం మిగిలిందని వచ్చారండీ?"

"బండి కోసం వచ్చిన సారూ. షెడ్డుల మంచిగుంటది, గీడికొస్తే చెడిపోతది. గాడ లేంది గీడ ఏముందో సూడాలె కదా. అది తెల్వక నాకు నిద్ర వడ్తలేదు."

బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. నా చెక్క వైపు తలుపు తీసి, వంగి, చాలాసేపు చూశాడు. "గీ పెడల్ దినాం వాడరు కదా?" అన్నాడు. షాట్ ఉంటేనే అన్నాను. కుడివైపు క్లచ్ రబ్బరు మీద గాడులు ఇంకా ఉన్నాయి. ఎడమవైపుది అరిగి నున్నగా మెరుస్తోంది. నేను రోజూ చూసేదే, ఎప్పుడూ నా బుర్రకి తట్టలేదు. మేస్త్రి మేకప్ ఆయన దగ్గరికి వెళ్లి, పౌడర్ పఫ్ అడిగి తెచ్చి, ఎడమ క్లచ్ మీద తెల్లగా అద్దాడు. "ఎప్పటి లెక్కనే కూసోండ్రి" అని చెట్టు కిందకి పోయాడు.

లైటింగ్ మారుస్తున్నారు. ఆపితే మళ్లీ అంటుకుంటుందో లేదోనని ఇంజన్ నడుస్తూనే ఉంచి, స్టీరింగ్ దగ్గర ఆవిడ, కింద నేను, అరగంట ఊరికే కూర్చున్నాం. షాట్ లేదు, బండి కదల్లేదు. ఇంజన్ మూడుసార్లు దగ్గి రెండుసార్లు ఆగిపోయింది. మేస్త్రి వచ్చి, పక్కకి రమ్మన్నట్టు సైగ చేశాడు. ఒక బండరాయి చాటుకి తీసుకెళ్లి, ఎవరూ లేరని చూసుకుని, "చెప్పు తిప్పి సూడుండ్రి" అన్నాడు.

నా ఎడమకాలి చెప్పు అడుగంతా తెల్లగా పౌడర్.

"మీరు తొక్కుతలేరు సారూ. కాలు ఊరికే ఆనిస్తున్నరు. జర అంత బరువు పడ్డా చాలు, ప్లేటు సగం పట్టి సగం జారి కాలిపోతది. క్లచ్ల ఉన్న బేరింగ్ ఇంజన్‌ను ఒత్తుతది, గందుకే ఐడ్లింగ్ నిలవడ్తలేదు. మీరు స్క్రూ పెంచుతరు. కాలు తీయంగనే అరుస్తది. రెండు రోగాలు గావు, ఒక్కటే." నా కాలి వైపు చూపించి అడిగాడు, "ఎప్పటిసంది గిట్ల?"

ఎప్పటినుంచో నాకు తెలుసు. కాలు అక్కడ ఉంటోందని తెలీదు గానీ, ఎందుకు ఉంటుందో మాత్రం అడగ్గానే తెలిసిపోయింది. ఆ వేసవి మొదట్లో, ఇదే వాలులో, ఒక కొత్త కుర్ర హీరో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. నేను బ్రేకు మీదకి కాలు వేసేసరికి ఒక్క క్షణం ఆలస్యమైంది. రిఫ్లెక్టర్ పట్టుకున్న లైట్‌బాయ్ పక్కకి దూకాడు కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. అందరూ నవ్వేసి మర్చిపోయారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను. ఆ రోజు నుంచి నా కాళ్లు పెడల్స్ మీద నుంచి లేవలేదన్నమాట, కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్ మీద. ఇదంతా మేస్త్రికి చెప్పాను. మా ఆవిడకి కూడా చెప్పని మాట.

ఆయన నవ్వలేదు. "గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండనియ్యుండ్రి. మీ కాలికి భయం పట్టిందని తెలిస్తే రేపు మీ బండి ఎవ్వరు ఎక్కరు. బేరింగ్ ఖరాబుందని నేను చెప్త."

"అలా చెప్తే మీ పేరే కదండీ పోయేది."

"అది ఎట్లనో పోయింది. చాయ్ కొట్టు కాడ మీరన్న మాట నా దాంక వచ్చింది."

కోపంతో అనలేదు. ఆ రోజు వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తన షెడ్డుకి బళ్లు రాకుండా చేసినవాడి పరువు కాపాడటానికి, మిగిలిన ఆ కాస్త పేరు కూడా వదులుకుంటానంటున్నాడు. నేను నోరు మూసుకుంటే నా పని నిలుస్తుంది. తెరిస్తే ఆయన పేరు నిలుస్తుంది. రెండూ నిలిచే దారి నాకు కనపడలేదు. ఇంతలో మేనేజరు కేకేశాడు.

కారు దగ్గర మేనేజరు, కెమెరామన్, స్టీరింగ్ దగ్గర ఆవిడ. "ఏంటండీ సంగతి, బండా, మెకానిక్కా?" అన్నాడు మేనేజరు. మేస్త్రి నోరు తెరవబోయాడు. నేను అడ్డం పడి చెప్పేశాను. చెప్పు తీసి అడుగు కూడా చూపించాను. లైట్‌బాయ్ సంగతీ చెప్పాను, టీ కొట్టు సంగతీ చెప్పాను.

అందరికంటే ముందు మాట్లాడింది ఆవిడ. "రెండు రోజుల నుంచి, నేను తొక్కకముందే నా క్లచ్ కాస్త కిందకి పోయి ఉంటోందండీ. నాకే చేతకావడం లేదనుకున్నాను. రాత్రి మా అమ్మాయికి చెప్పుకుని ఏడ్చాను కూడా."

ఈ దెబ్బ నేను ఊహించలేదు. నా కాలు ప్లేట్లే కాల్చిందనుకుంటున్నాను అప్పటిదాకా.

మేనేజరు తల గోక్కున్నాడు. "మరిప్పుడు మిమ్మల్ని నమ్మి ఆవిణ్ని ఎలా పంపమంటారు గురూగారూ?" మేస్త్రి ఎవర్నీ అడక్కుండా వెనక తలుపు తీసుకుని, కొడుకు వేషం వేసిన కుర్రాడి పక్కన, కెమెరాకి కనపడకుండా కిందకి ఒదిగి కూర్చున్నాడు. అంతకుముందే స్క్రూ సరైన చోటికి తిప్పేశాడు. "నేను గూడ ఉంట. సారు కాళ్లు పైన పెట్టుకోని కూసుంటడు. అమ్మా, పోనియ్యుండ్రి" అన్నాడు.

చెక్క మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వాలు మొదలైంది. ఎడమకాలు దానంతట అది దిగబోతే రెండు చేతులతో చీలమండ పట్టుకున్నాను. దేవుణ్ని తలుచుకున్నాను, ఎవర్నని గుర్తు లేదు, అందర్నీ అనుకుంటా. మలుపు దగ్గర ఆవిడ క్లచ్ తొక్కి, గేరు తగ్గించి, బ్రేకు వేసుకుంటూ, కన్నీళ్లు పెట్టుకోవలసిన చోట పెట్టుకుంటూ, కిందదాకా దిగిపోయారు. బండి ఆగింది. ఇంజన్ ఆగలేదు. ఎక్కడా తడబడకుండా తిరుగుతూనే ఉంది.

"భయం వెయ్యలేదా మేస్త్రీ?" అన్నాను వెనక్కి తిరిగి.

"నేను రోడ్డు సూడలె సారూ," అన్నాడు. "ఇంజన్ ఇంటున్న."

అలాంటి మనిషిని పట్టుకుని నేను అన్న మాటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రమే టీ కొట్టుకి వెళ్లి, ఎంత గట్టిగా తిట్టానో అంత గట్టిగా చెప్పాను. ఆనాడు విన్న ఇద్దరు మేనేజర్లలో ఒకాయన సరే అని వెంటనే బళ్లు పంపాడు. రెండో ఆయన పంపలేదు. చెడు చెప్పినప్పుడు ఒక్క మాటకే నమ్మిన మనిషి, మంచి చెప్తే పెదవి విరిచాడు. రెండుసార్లు ఆఫీసుకి వెళ్లి బతిమాలాను. మూడోసారి, ఆయన కారు వాకిట్లో నిలబెట్టి రిపేరుకని ఎవరికోసమో చూస్తుంటే, తాళాలు చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, నేనే నడుపుకుంటూ రహమత్ నగర్ వెళ్లాను.

షెడ్డులో మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. ఎవరి బండో చూసి గుర్తుపట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి, స్క్రూడ్రైవర్ తీసుకుని, "ఏం తక్లీఫ్ ఇస్తున్నది సారూ?" అని అడిగాడు.

"నాకు తెలీదండీ," అన్నాను. "మీరే విని చెప్పండి."