వాయవ్యం గది

మా ఇంటి ప్లాను గీసింది నేనే. ఎవరైనా ఈ మాట మెచ్చుకోలుగా అంటే ఇప్పటికీ నాకు తల ఎత్తుకోబుద్ధి కాదు.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసేవాణ్ణి. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన కాలవల, తూముల బొమ్మల మీద పల్చటి ట్రేసింగు కాగితం పరిచి, కింద కనిపించే గీతల్నే నల్ల సిరాతో మళ్ళీ దిద్దడం నా పని. సొంతంగా ఒక్క గీత గీసే అధికారం లేదు. నరసాపురంలో మా వాళ్ళకి మాత్రం నేను ఇంజనీరునే. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికెళ్ళి, ఆదివారం ఉండి, సోమవారం తెల్లారుతూనే మళ్ళీ బస్సెక్కేవాణ్ణి. నా భార్యా, రెండేళ్ళ మా పాపా అక్కడ మా అమ్మానాన్నల దగ్గరే ఉండేవారు.

పంతొమ్మిదేళ్ళు అద్దెకున్న ఇంటిని యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. కొడుక్కి పెళ్ళి చేస్తున్నాడట, ఏడాది గడువిచ్చాడు. నాన్న సహకార సంఘంలో గుమాస్తాగా రిటైరైన సంవత్సరమే అది. ఊరి చివర, వరి చేలని ఆనుకుని, ఆయన ఎప్పుడో కొని వదిలేసిన నాలుగు సెంట్ల స్థలం ఉంది. రిటైరైతే వచ్చిన డబ్బు ఎనభై వేలు. దాంతో గోడలు కూడా లేవవు. బ్యాంకు లోను కావాలి, లోను కావాలంటే పర్మినెంటు ఉద్యోగం ఉండాలి. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. తమ్ముడు బట్టల కొట్టులో పద్దులు రాస్తున్నాడు, వాడికి మాఘమాసంలో పెళ్ళి కుదిరింది. ఇంట్లో పే స్లిప్పున్న మనిషి ఒక్కతే, మా అక్క.

అక్కకప్పుడు ముప్పై ఏడు. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూరి బళ్ళో టీచరు. పెళ్ళి కాలేదు. సంబంధాలు వచ్చేవి, ఏదో ఒకటి అడ్డం పడేది. కొన్నేళ్ళకి రావడం మానేశాయి. మానేశాయని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఒక ఆదివారం పొద్దున్న వసారాలో చాప మీద డ్రాయింగు బోర్డు పెట్టుకుని కూర్చున్నాను. నాన్న ఎదురుగా పీట వేసుకున్నారు. నైరుతిలో అమ్మానాన్నలకి ఒక గది, పక్కన మాకొకటి, తూర్పు వైపు తమ్ముడికొకటి గీశాను. ఆగ్నేయంలో వంటిల్లు, మధ్యలో హాలు. వాయవ్యం మూలలో ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవుతో ఇంకో చిన్న గది వచ్చింది.

అమ్మ వంగి చూసి ఆ మూల మీద వేలు పెట్టింది.

"ఇదెవరికిరా?"

"అక్కకి."

అమ్మ వెనక్కి తిరిగి పెరటి వైపు చూసింది. అక్క అక్కడ తల ఆరబెట్టుకుంటోంది. అమ్మ గొంతు తగ్గించింది. "దానికంటూ గది గీసేస్తే, ఇంక దాని పెళ్ళి సంగతి మనం వదిలేసుకున్నట్టే కదరా. రేపు ఎవరైనా చూసుకోడానికొస్తే ఏమనుకుంటారు?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుస్తూ కూర్చున్నారు. మళ్ళీ పెట్టుకుని, "గెస్ట్ రూమ్ అని రాయరా" అన్నారు.

రాశాను. నా అక్షరాలు బావుంటాయని ఆఫీసులో పేరుంది. అవే అక్షరాలతో చక్కగా రాశాను.

సాయంత్రం అక్క ఆ కాగితం చూసి నవ్వింది. "మనింటికి అంతమంది గెస్టులు ఎవరొస్తార్రా?" అంది. నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను.

మరో రెండు వారాలకి సిద్ధాంతిగారిని పిలిచారు. ఆయన ప్లాను చాప మీద పరిపించుకుని, వాస్తు లెక్కలో ఆయం సరిపోలేదని పొడవులో అడుగున్నర కోసేశారు. తూర్పున ఖాళీ చాల్లేదని ఇంకో అడుగు తగ్గించారు. మెట్లు మార్చారు. నేను గీసిన హాలు ఆయన లేచేసరికి నడవాలా మిగిలింది. నేను ప్రతిదానికీ "అలాగేనండి" అంటూ చెరుపుతున్నాను. చివరికి ఆయన చెయ్యి వాయవ్యం మూలకి వచ్చింది.

"ఈ గదెవరిదండీ?"

అమ్మే సర్దుకుని, "చుట్టపక్కాల కోసమండి" అంది.

"ఇంట్లో పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఉందన్నారుగా. ఆ అమ్మాయిని ఈ గదిలో పడుకోబెట్టండి. వాయవ్యం వాయుదేవుడి స్థానమండీ, ఒకచోట నిలవనివ్వదు. ఏడాది తిరక్కుండా అత్తారింటికి వెళ్ళిపోతుంది."

అమ్మ మొహం వెలిగిపోయింది. "అయితే ఆ గది దానికే ఉంచరా! తీసెయ్యకు!" అంది నాతో. నాన్న కూడా తేలికపడ్డారు. గెస్ట్ రూమ్ అన్న అక్షరాలు చెరిపేశాను. అదే సమయానికి అక్క మజ్జిగ గ్లాసులతో గడప దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నదని నాకు తెలుసు. గ్లాసు సిద్ధాంతిగారి ముందు పెట్టి, "తీసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నా పక్కన వచ్చి కూర్చుంది. ఎంత అవమానంగా ఉందో అని నేను భయపడుతున్నాను. ఆమె మాత్రం ప్లాను తన వైపు తిప్పుకుని అడిగింది.

"ఒరేయ్, ఈ గదికి కిటికీ ఎటు పెట్టావు?"

"పడమటికి."

"వద్దురా. మధ్యాన్నం ఎండంతా లోపలికొచ్చేస్తుంది. ఉత్తరానికి పెట్టు, చేలు కనపడతాయి. ఇదిగో, ఈ గోడలో ఒక అలమర వస్తుందా? నా పుస్తకాలన్నీ అమ్మ పప్పుల డబ్బాల పక్కన పెడుతోంది."

"వస్తుందే."

"ఒక చిన్న బల్ల కూడా పడుతుందా?"

స్కేలు పెట్టి చూపించాను. మంచం ఆరున్నర అడుగులు, బల్ల మూడడుగులు, మధ్యలో నడవడానికి దారి. అక్క కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె ఏదైనా కావాలని అడగడం వినడం అదే మొదటిసారి. ఏ కారణంతో వచ్చినా సరే, గది గదేగా అనుకుని ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. రాజమండ్రి వెళ్ళి ఆఫీసు అయ్యాక కూర్చుని, ఆ ప్లానంతా ట్రేసింగు కాగితం మీద సిరాతో దిద్దాను. ఉత్తరపు కిటికీ వేశాను, అలమర వేశాను. నేను సొంతంగా గీసిన మొదటి బొమ్మ అది.

తరవాతి ఆదివారం తాపీమేస్త్రి స్థలంలో గొయ్యి తవ్వించాడు. నాన్నా, నేనూ, తమ్ముడూ గట్టు మీద నిలబడ్డాం. నడుం లోతు వెళ్ళేసరికే నీళ్ళు ఊరాయి. కింద నుంచి నల్లటి బంకమట్టి ముద్దలు ముద్దలుగా వస్తోంది.

"గట్టి నేల ఎక్కడ తగులుద్దయ్యా?" అన్నారు నాన్న.

"ఆయ్, ఇక్కడ తగల్దండి. బంకండి ఇదంతా. పిల్లర్లు లోతుకి దింపుకోవాలండి. మళ్ళీ రోడ్డుకన్నా పైకి రావాలంటే స్థలం మెరక చెయ్యాలి కదండీ, ఎన్ని లారీల మట్టి పట్టుద్దో చెప్పలేమండి."

"ఎంతవుతుంది, ఉజ్జాయింపుగా?"

మేస్త్రి నా వైపు చూశాడు. "చినబాబుగారు ఇంజనీరుగారే కదండీ, ఆరికి తెలీదేంటండి."

నాకు తెలుసు. నేల మీదకి ఒక్క ఇటుక రాకుండానే మూడో వంతు డబ్బు నేలలోకి పోతుంది. పోయిన డబ్బు ఎవరికీ కనపడదు కూడా.

ఇంటికొచ్చి లెక్క వేశాను. అందరూ చుట్టూ కూర్చున్నారు. మొజాయిక్ తీసేసి సిమెంటు గచ్చు చేశాను. టేకు గుమ్మాలు పోయి వేపవి వచ్చాయి. మేడ మీద పిట్టగోడ తీసేశాను, వంటింట్లో రాతి అరలు తీసేశాను, ప్రహరీ తరవాత చూద్దామన్నాను. ఒక్కొక్కటి కొట్టేస్తున్నప్పుడల్లా నాన్న, "ఇప్పుడు?" అని అడిగేవారు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. చివరికి ఇంకా నలభై వేలు తక్కువొచ్చింది.

"నువ్వు సరిగ్గా వెయ్యి ఓసారి" అన్నారు నాన్న. మళ్ళీ వేశాను. అంతే వచ్చింది. అంకెల ముందు కూర్చుని అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను. ఇంట్లో అందరూ నా చేతిలోని పెన్ను వైపే చూస్తున్నారు, నేను ఏదో దాచిపెట్టినట్టు.

"అయితే ఒక గది తగ్గించాలి" అన్నారు నాన్న.

ఏ గదో ఆయన అనలేదు. తమ్ముడు తల వంచుకుని, "మాఘమాసానికి ఆ అమ్మాయి వచ్చేస్తుంది కదా" అని గొణిగాడు. నా భార్య నా వైపు చూసింది. వారానికి ఒక్క రాత్రి ఉండేవాణ్ణి నేను. నా గది తీసెయ్యండి, మేం హాల్లో సర్దుకుంటాం అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. నాకసలు తట్టలేదు. సోమవారం బస్సులో, కొవ్వూరు దాటి వంతెనెక్కాక తట్టింది.

అక్క గోడకి ఆనుకుని పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. ఎర్ర పెన్ను ఆపకుండానే అంది. "వాయవ్యం తీసెయ్‌రా. నాకు హాలు చాలు. పగలంతా బళ్ళోనే ఉంటానుగా."

"సిద్ధాంతిగారు మరీ మరీ చెప్పారే" అంది అమ్మ. ఆమె బాధ ఆమెది.

"తరవాత పైన వేద్దాంలే అమ్మాయ్" అన్నారు నాన్న. "మెట్లు ఎలాగూ కడుతున్నాంగా."

ట్రేసింగు కాగితం మీద సిరా గీత రబ్బరుతో పోదు. సగం బ్లేడు పట్టుకుని, కాగితం చిరక్కుండా, నెమ్మదిగా గీకాలి. ఆ పనిలో నాది గట్టి చెయ్యి. ముందు కిటికీ గీకాను, తరవాత అలమర, తరవాత రెండు గోడలు. పొడి ఉఫ్‌మని ఊదేశాను. హాలు కొంచెం పెద్దదైంది. అక్క వచ్చి చూసి, "గాలి బాగా ఆడుతుందిలే" అంది.

మర్నాడు తెల్లారుజామున సంచి సర్దుతూ నా భార్య, "మనం హాల్లో పడుకుంటామని ఒక్క మాట అనాల్సింది మీరు" అంది. బస్సెక్కి చాలా దూరం వెళ్ళేదాకా ఆ మాట అర్థం నాకు పూర్తిగా ఎక్కలేదు.

లోను కాగితాల మీద సంతకాలకి అక్కని తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను. ప్లాను కాపీలు మూడు, మూడింటి మీదా ఆమే సంతకం చెయ్యాలి. ఫీల్డాఫీసరు కుర్రాడు, మంచివాడే. ప్లాను చూస్తూ మాట కలపడానికి అన్నాడు. "బావుందండి ప్లాను. ఇందులో మీ రూమేదండి మేడం?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్క సంతకం పూర్తిచేసి, పెన్ను మూత పెట్టి, "అన్నీ మావేనండి" అంది.

వర్షాలు పడేలోపు ఇల్లు లేచింది. గృహప్రవేశం రోజున అక్క మంచం హాల్లో, చేలు కనపడే కిటికీ కింద వేశాం. గది గీకేసినా ఆ ఉత్తరపు కిటికీని హాలు గోడకి మళ్ళీ గీశాను, అదైనా ఇవ్వకుండా ఉండలేకపోయాను. అయితే ఎవరైనా వస్తే ఆ మంచం మీదే కూర్చునేవారు. టీవీ కూడా హాల్లోనే. అది కట్టేసేదాకా ఆమె పడుకోడానికి ఉండేది కాదు. నోటుబుక్కులు ఒళ్ళో పెట్టుకుని దిద్దుతూ ఉండేది. పుస్తకాలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉండేవి.

నెలనెలా వాయిదా ఆమె జీతంలోంచి పోయేది. అయిదేళ్ళకి తమ్ముడు మేడ మీద రెండు గదులు వేసుకున్నాడు. అప్పటికి వాడికి ఇద్దరు పిల్లలు. డబ్బు వాడిది, అప్పు వాడిది. ఎవరినేం అడగాలి? నాన్న ఒక రోజు మెట్ల కింద నిలబడి, "పైన ఇంకా కాస్త జాగా ఉందిరా" అన్నారు నాతో. నాకు అప్పుడే రెండో పాప పుట్టింది. "చూద్దాం నాన్నా" అన్నాను. అదే ఆయనా నేనూ ఆ గది గురించి మాట్లాడుకున్న చివరి మాట. రెండేళ్ళకి ఆయన పోయారు.

లోను తీరిన వేసవిలో అక్క ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంది. పాలకొల్లు అవతల ఏదో ఊరు. రోజూ బస్సు తిరగలేనని, అక్కడే ఒక గది అద్దెకి తీసుకుంటానని చెప్పింది. ఆమెకప్పుడు నలభై ఎనిమిది. అమ్మ ఏడ్చింది. "సొంతిల్లు పెట్టుకుని అద్దింట్లో ఉండటమేంటే? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"శని, ఆదివారాలు వస్తుంటాను కదమ్మా" అంది అక్క.

నేను వెళ్ళొద్దని అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాను? ట్రంకు పెట్టె బస్టాండుదాకా మోసుకెళ్ళి, టాపు మీద వేయించి వచ్చాను.

మొదట్లో ప్రతి వారం వచ్చేది. తరవాత నెలకోసారి. మరుసటి ఏడు శ్రావణమాసంలో ఒక ఆదివారం అమ్మ పూర్ణాలు చేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఫోన్ చెయ్యకుండానే వెళ్ళాను. అదే మొదటిసారి నేను అక్కడికి వెళ్ళడం. కాలవ గట్టు పక్కన పెంకుటింట్లో వెనక భాగం. తలుపుకి తాళం వేసి ఉంది. ఇంటావిడ బయటికొచ్చి, "టీచరుగారి తమ్ముడా అండీ? ఇంకో ఇద్దరు టీచర్లతో కలిసి మాటినీకి వెళ్ళారండి. సాయంత్రానిగ్గానీ రారు" అంది.

అక్క సినిమాలకి వెళ్తుందని నాకు తెలియదు. మాతో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ వెళ్ళినట్టు గుర్తులేదు. ఆవిడ మంచినీళ్ళిచ్చింది, తాగాను. అరుగు మీద కాసేపు కూర్చున్నాను. కిటికీ రెక్క ఒకటి తీసే ఉంది. కావాలంటే లేచి తొంగి చూడొచ్చు, లోపల ఎలా సర్దుకుందో తెలుస్తుంది. లేవలేదు.

చినుకులు మొదలయ్యాయి. డబ్బా ఇంటావిడ చేతికిచ్చి, అక్క రాగానే ఇమ్మని చెప్పి, బస్టాపు వైపు నడిచాను.