మూడు పుల్లలు, నలభై రొయ్యలు

నిన్న బందరు మార్కెట్లో పచ్చి రొయ్యల వాసన ముక్కుకు తగలగానే సుందరరావు గారు గుర్తొచ్చారు. నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులను పరీక్షించే ఒక చిన్న ల్యాబులో నా మొదటి ఉద్యోగం. ఆయన నాకు పై అధికారి. తొందర అంటే ఎరగని మనిషి. అప్పుడే డిగ్రీ పూర్తిచేసి వచ్చిన నాకు ఆ నెమ్మది చూస్తే ఒళ్ళు మండేది.

ఏసుబాబు అనే కౌలు రైతు చెరువులో వారానికోసారి వల వేయించి, నలభై రొయ్యలను విడివిడిగా తూచి సగటు చెప్పడం నా పని. ఒక వారం సగటు తగ్గింది. రొయ్య పెరగాలి గానీ తగ్గడమేమిటి? "జబ్బేమోనండీ" అని నోరు జారాను. ఏసుబాబు రెండేళ్ళ కిందట జబ్బుతోనే ఒక పంట మొత్తం పోగొట్టుకున్నవాడు. ఇంకేముంది, ఉన్నవి ఉన్నట్టు పట్టేద్దామని వలల వాళ్ళను పిలిపించాడు. ఇంకా ఎదగని రొయ్యలు! అతని భార్య గట్టు మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది.

నేను ఫోను చేస్తే సుందరరావు గారు వచ్చారు. ముందు రొయ్యల పేగు, పెంకు చూశారు. తరువాత ఆ నలభైనీ గోనెపట్టా మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్పించి, పదింటికొకటి చొప్పున మూడు పుల్లలు పెట్టారు. వరస నాలుగు సమాన భాగాలైంది.

"క్వార్టైల్స్ అని చదువుకున్నావు కదమ్మాయ్, అవే ఇవి. ఒక్కో పుల్ల దగ్గర బరువెంతో చెప్పు. పోయిన వారం లెక్క కూడా ఇలాగే వరసలో రాసి చూడు."

రాసి చూశాను. మూడు చోట్లా ఈ వారమే బరువెక్కువ. పోయిన వారం వరసకు చివర మాత్రం పాత పంటలో మిగిలిన రెండు పెద్ద రొయ్యలున్నాయి. సగటును పైకి లాగింది అవే. ఈసారి అవి వలలో పడలేదు, అంతే.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు ఏసుబాబూ. పేగూ, పెంకూ బాగున్నాయి. చిన్నవీ పెరుగుతున్నాయి, పెద్దవీ పెరుగుతున్నాయి."

"అయితే వలలు దించొద్దని చెప్పెయ్యమంటారాండీ?"

"చెప్పెయ్, చెప్పెయ్. టీ ఇప్పించి మరీ పంపు."

ఏసుబాబు గట్టు వెంట పరుగెత్తాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను, అంత హాయిగా అనిపించింది.

తిరుగుదారిలో ఆయన తిట్టలేదు. "నీ సగటు తప్పు కాదమ్మా. కానీ దాన్ని లాగెయ్యడానికి రెండు రొయ్యలు చాలు. వరసంతా చూశాకే మాట్లాడాలి" అన్నారు.

ఒక్క అంకె చూసి ఎదుటి మనిషిని భయపెట్టకూడదని ఆయన దగ్గర నేర్చుకున్నాను. నాకు క్వార్టైల్స్ అర్థమైంది ఆ తరువాతే.