గోనెపట్ట కింది పికిలిపిట్ట

నిన్న మా కోడలు వంటింట్లో వేయించిన పప్పుల పొడిని నేతిలో కలుపుతుంటే, ఆ వాసన నన్ను ఉద్దనపల్లిలోని మా తాత వసారాలోకి లాక్కుపోయింది. తాత తన పికిలిపిట్టకు పెట్టే మేత అదే. నల్లటి కొప్పు, చెంపన ఎర్రటి చుక్క ఉన్న ఆ ముసలి పిట్ట పొద్దున్నే గొంతు విప్పితే, రాయకోట సంతకు పోయే బండ్లు మా వాకిట్లో కాసేపు నిలిచేవి.

డెబ్బైల చివర్లో, నన్ను ఐదో తరగతితో మాన్పించి చేని పనికి పెట్టి, అన్నను మాత్రం హోసూరు బడికి బస్సెక్కించిన ఏడు, ఉగాది దాటాక తాత సీతాఫలం పొదలోంచి రెండు పికిలి పిల్లల్ని తెచ్చి మాకు చెరొకటి ఇచ్చాడు.

"గొంతు పుట్టుకతో వస్తాదప్పా, పాట రాదు. పెద్దదాని పక్కన పెట్టి వినిపించల్ల" అన్నాడు.

అన్న తన పంజరాన్ని ముసలి పిట్ట పక్కనే కట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది. బడి వాడిదే, బస్సు వాడిదే, తాత పిట్ట పాట కూడా వాడిదేనా? వాడి పిట్టకు వచ్చే పాట నా పిట్టకు అక్కర్లేదని, పంజరానికి గోనెపట్ట చుట్టి, రాగుల దుమ్ము నిండిన గాదె గదిలో దాచాను. అడిగితే పిల్లి భయం అన్నాను. నేనే ఈల వేసి నేర్పుదామనుకున్నాను గానీ, నాకు ఈల రాదు.

వానలు వెళ్ళి అనపకాయల కాలం వచ్చేసరికి అన్న పిట్ట మధ్యాహ్నాల్లో, నిద్రలో మాట్లాడే పసిబిడ్డలా గొణగసాగింది. ముసలిదాని పాటలో ఒక ముక్క పట్టుకుని, పోగొట్టుకుని, మళ్ళీ పట్టుకుని, శివరాత్రి నాటికి అచ్చం దానిలాగే పాడింది. నాది కీచుమని రెండు ముక్కలు అనేది, అంతే.

"ఏమప్పా, నీ పిట్టకి పడిశమా?" అన్నాడు అన్న, పుస్తకాల సంచి భుజాన వేసుకుంటూ.

తాత గోనెపట్ట విప్పి చూశాడు. "ఇన్నాళ్ళూ ఈడనే పెట్టినావా?" తిట్టలేదు. పంజరాన్ని తీసుకుపోయి ముసలి పిట్ట పక్కన తగిలించాడు. నా పిట్ట మెడ వంచి రోజంతా వినేది, తింటూ తింటూ ఆగి మరీ వినేది. నోరు తెరిస్తే ఆ రెండు ముక్కలే. ఇంకో ఉగాది వచ్చి పోయింది.

"వినే వయసు దాటిపోయెనప్పా" అన్నాడు తాత.

నా చదువు పొట్లాల కాగితాల మీద నేను ఏరుకున్నది. నన్ను ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఆ కోపం ఇంకా ఉంది, ఉండనీ. ఆ పిట్టను గోనెపట్టలో చుట్టింది మాత్రం నేనే.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిళ్ళు. సీతాఫలం పొద లేదు, వసారా లేదు. మొన్న అన్న వచ్చి, నా మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ పాటంతా ఒక్క ముక్క తప్పకుండా ఈల వేశాడు. నాకు మళ్ళీ మండింది. పోటీగా పెదాలు చుట్టి ఊదితే, నాకు వచ్చినవి రెండు కీచులు.

"అదేం పాట తాతా?" అంది పిల్ల.

"పడిశం చేసిందమ్మా" అన్నాను.