పోచయ్య ఎడమ చెవి

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకూ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇందల్వాయి దగ్గర గడ్డి కూడా సరిగా మొలవని రాతినేలలో, బడిపిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పే శిబిరం ఒకటి ఉంది. దాన్ని నడిపేది నేనే. అక్కడ చుక్క నీరు వృథా కాకూడదు, పుల్ల కూడా కాల్చకూడదు. బోధన్ పొలాల్లో కోత అయ్యాక తగలబెట్టే ఎండు చెరకాకును మేం లారీలో తెచ్చి, తడి ఆరకుండా మొక్కల మొదళ్లలో పరిచేవాళ్లం. పిల్లలు నాటిన వేపలు, కానుగలు మూడేళ్లలో నా భుజం దాకా వచ్చాయి. నిజానికి వాటిని బతికించింది పోచయ్య. బోధన్‌లో చెరకు కొట్టీ కొట్టీ, యాభై దాటాక మా దగ్గర పనికి కుదిరిన మనిషి.

ఏడేళ్ల కిందట ఓ ఉదయం, పిల్లల బస్సు రావాల్సి ఉండగా చెరకాకులోకి నాగుపాము దూరింది. నేను చెరకు రైతు కొడుకుని. తోటలో పాము దూరితే మా నాన్న ఏం చేసేవాడో నా చేతులకు తెలుసు. ఓ అంచున నిప్పంటించాను. పొగకు బయటికొస్తుంది, ఆర్పేద్దాం అనుకున్నాను. ఇంతలో గాలి లేచింది.

బస్సు వచ్చేసరికి మొక్కలన్నీ మండుతున్నాయి. పిల్లలు ఏడుస్తున్నారు. పోచయ్య తడి గోనెసంచితో మంటలను బాదుతున్నాడు, అరచేతులు బొబ్బలెక్కి.

"ఎవరు పెట్టారు?" అని ఓ టీచరమ్మ అడిగింది.

"వీడే! బీడీ తాగి పడేసుంటాడు," అన్నాను.

పోచయ్య నా వైపు తిరిగాడు. "నేను బీడీ ముట్టలే సారూ. అగ్గిపెట్టె మీ జేబుల..."

మాట పూర్తి కానివ్వలేదు. చెవి మీద కొట్టాను. పడిపోయాడు. చేతికందిన పారకర్రతో మళ్లీ కొట్టాను, నోరు తెరిచినప్పుడల్లా కొట్టాను. చెవిలోంచి రక్తం కారి మెడ మీదికొచ్చింది. పిల్లలు ఏడుపు ఆపి నన్నే చూస్తున్నారు. నాకది కోపమా? కోపమైతే ఇంత సిగ్గు ఉండేది కాదు. భయం, పచ్చి భయం. పరువు పోతుందన్న భయంతో, నా మొక్కలను కాపాడుతున్న మనిషిని చావగొట్టాను.

మర్నాటి నుంచి అతను పనికి రాలేదు. ఎవరితోనూ ఏమీ అనలేదు. నేను మాత్రం వచ్చిన ప్రతి పిల్లల గుంపుకూ ఆ కాలిన నేల చూపించి, బీడీ తాగిన కూలీ కథ చెబుతూనే ఉన్నాను. ఆ కథ చెప్పమని నన్నెవరూ అడగలేదు. మరెందుకు చెప్పాను? వందసార్లు చెబితే నిజమవుతుందనా?

మొన్న బస్టాండులో కనబడ్డాడు. ఎడమ పక్క నుంచి "పోచయ్యా" అన్నాను. తిరగలేదు. పక్కనున్న ముసలమ్మ నా భుజం తట్టి, "గా చెవు వినరాదు బిడ్డా, గిటు దిక్కు వచ్చి మాట్లాడు," అంది. నేను బస్సెక్కేశాను.

నిప్పు పెట్టింది నేను. కొట్టింది నేను. ఇన్నేళ్లకు ఈ రెండు ముక్కలు రాశాక కాస్త ఊపిరాడుతోంది. పోచయ్యకు కుడి చెవి వినబడుతుంది. నేనే ఇంకా చెప్పలేదు.